బైబిల్‌ని జరిగిన వరుసలో చదవడం: ప్రతి ఏడూ లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్ళకి

సిస్టర్, వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాలుగేళ్ళుగా జనవరి 1న ఆదికాండంతో మొదలుపెడుతున్నారు, ఫిబ్రవరిలో లేవీయకాండం రాగానే ఆగిపోతున్నారు, ఈసారి కాలక్రమంలో, అంటే సంగతులు జరిగిన వరుసలో చదివితే పూర్తవుతుందా అని. రోజుకి ఎంత చదవాలి, యోబు ఎక్కడ పెట్టుకోవాలి, చదివాక చిన్న ధ్యానం ఎలా రాసుకోవాలి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపే టెన్షన్‌లో ఇదంతా కుదిరే పనేనా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తాను. కాస్త పెద్దదవుతుంది, వీలు చూసుకుని రెండు మూడు విడతల్లో చదువుకోండి.

నేను బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ వరుసలో బైబిల్ మొత్తం ఏడుసార్లు చదివాను, మా సంఘంలో స్త్రీల కూడికలో మూడు బ్యాచ్‌లతో చదివించాను. మొదటిసారి నాకు రెండేళ్ళ ఐదు నెలలు పట్టింది. ఒక్క ఏడాదిలో పూర్తి చేసినవాళ్ళని చూశాను, సగంలో వదిలేసి మళ్ళీ అందుకున్నవాళ్ళనీ చూశాను. ఎవరు ఎందుకు ఆగుతారో నాకు బాగానే తెలిసింది.

అసలు వరుస ఎందుకు మార్చుకోవాలంటే, మన చేతిలో ఉన్న పరిశుద్ధ గ్రంథంలో పుస్తకాలు రకాన్ని బట్టి కూర్చారు. ధర్మశాస్త్రం ఒకచోట, చరిత్ర ఒకచోట, కావ్యాలు ఒకచోట, ప్రవక్తలు ఒకచోట. బీరువాలో పట్టుచీరలు ఒక అరలో, నూలుచీరలు ఒక అరలో పెట్టుకున్నట్టు. వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ ఏ పెళ్ళికి ఏ చీర కట్టుకున్నామో ఆ అర చెప్పదు. ఉదాహరణకి ఎజ్రా 15వ పుస్తకం, హగ్గయి 37వ పుస్తకం. మామూలు వరుసలో చదివితే ఈ రెంటి మధ్య ఎన్నో నెలలు గడిచిపోతాయి. కానీ రెండూ ఒకే ఊళ్ళో, యెరూషలేములో, ఒకే మందిరం పని దగ్గర జరిగిన సంగతులే చెబుతున్నాయి. ఎజ్రా 4 చివర్లో మందిరం పని ఆగిపోయింది, దర్యావేషు రాజు ఏలుబడిలో రెండో ఏడు వరకూ అలాగే ఉంది. ఎజ్రా 5 మొదటి వచనంలో హగ్గయి, జెకర్యా ప్రవచించారని ఒక్క మాట ఉంటుంది, అంతే. వాళ్ళేం చెప్పారో అక్కడ లేదు. అక్కడ వేలు పెట్టి ఉంచి హగ్గయి తెరిస్తే అదే దర్యావేషు రెండో ఏడు, ఆరో నెల, మొదటి రోజు. మందిరం పాడై ఉంటే మీరు సరంబీ (చెక్కపలకలు) వేసిన ఇళ్ళలో కూర్చోవడానికి ఇది సమయమా అని నిలదీస్తాడు. అదే అధ్యాయం చివర్లో ఆ నెల 24వ తేదీన జనం పనికి దిగారని ఉంటుంది. అంటే 23 రోజులు. క్రీ.పూ. 520లో ఒక ప్రసంగం, 23 రోజుల్లో మళ్ళీ పని మొదలు, 515లో మందిరం పూర్తి. విడివిడిగా చదివినన్నాళ్ళూ హగ్గయి నాకు రెండు పేజీల చిన్న పుస్తకం, అంతే. పక్కపక్కన పెట్టి చదివాక ఆగిపోయిన నా పనులన్నిటి గురించీ ఆయన నాతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

ఇప్పుడు లేవీయకాండం. పద్ధతి మార్చినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు, నిర్గమకాండం తర్వాతే వస్తుంది. కాబట్టి దాన్ని దాటే దారి ముందే చూసుకోవాలి. నిర్గమకాండం 40వ అధ్యాయం 17వ వచనం చూడండి. ఐగుప్తు నుంచి వచ్చిన రెండో ఏడు, మొదటి నెల, మొదటి రోజున మందిరం, అంటే ఆరాధన గుడారం, నిలబెట్టారు. సంఖ్యాకాండం 1వ అధ్యాయం 1వ వచనం చూడండి. అదే రెండో ఏడు, రెండో నెల, మొదటి రోజు. ఈ రెండు తేదీల మధ్య ఉన్నది ఒక్క నెల. లేవీయకాండం 27 అధ్యాయాలూ ఆ నెలలోనే ఉన్నాయి. జనం ఎక్కడికీ కదలలేదు, సీనాయి కొండ కింద గుడారాలు వేసుకుని ఉన్నారు. నాకిది తెలిసిన రోజు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పటిదాకా అది ఎప్పటికీ తరగని నియమాల చిట్టా అనుకునేదాన్ని.

ఇంకా దగ్గరగా చూడండి. నిర్గమకాండం చివర్లో మేఘం కమ్మి, దేవుని మహిమ నిండిపోయి, మోషే గుడారం లోపలికి వెళ్ళలేకపోయాడు. కట్టినవాడే లోపలికి వెళ్ళలేకపోయాడు. లేవీయకాండం మొదటి వచనంలో దేవుడు గుడారంలో నుంచి మోషేని పిలిచి మాట్లాడతాడు. సంఖ్యాకాండం మొదటి వచనానికి వచ్చేసరికి గుడారంలో మోషేతో మాట్లాడుతున్నాడు. బయట ఉన్నవాడు లోపలికి ఎలా వెళ్ళాడు అనేదానికి జవాబే మధ్యలో ఉన్న ఆ 27 అధ్యాయాలు. బలులు, యాజకుల ప్రతిష్ఠ, శుద్ధి, 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినం. మధ్యలో 10వ అధ్యాయంలో అహరోను కొడుకులు నాదాబు, అబీహు వేరే అగ్ని తెచ్చి చనిపోతారు. 16వ అధ్యాయం మొదలయ్యేదే ఆ ఇద్దరూ చనిపోయిన తర్వాత అన్న మాటతో. అంటే ఇది చావు జరిగిన ఇంట్లో తండ్రికి చెబుతున్న మాట. ఈ ఒక్క దారం పట్టుకుని చదవండి, లేవీయకాండం దాటతారు. 13, 14 అధ్యాయాల్లో చర్మరోగాల సంగతులు అర్థం కాకపోతే కంగారుపడకండి, చదువుతూ పోండి.

దీనివల్ల ఇంకోటి తెలుస్తుంది, బైబిల్‌లో గడియారం ఒకే వేగంతో నడవదు. లేవీయకాండానికి ఒక్క నెల. ద్వితీయోపదేశకాండం మొదలయ్యేది 40వ ఏడు 11వ నెల మొదటి రోజు, యెహోషువ 4లో యొర్దాను దాటింది మొదటి నెల పదో రోజు, అంటే మోషే చివరి ప్రసంగాలు, ఆయన మరణం, ముప్ఫై రోజుల దుఃఖం, నది దాటడం అన్నీ కలిపి దాదాపు డెబ్భై రోజులు. కానీ కాదేషు బర్నేయ నుంచి ఒక తరమంతా అరణ్యంలో రాలిపోయే వరకు గడిచిన 38 ఏళ్ళకి సంఖ్యాకాండంలో కొద్ది పేజీలే దక్కాయి. తిరిగిన కాలం మీద మాట లేదు, నిలబడి విన్న నెల మీద పుస్తకం ఉంది. ఈ లెక్క వేసుకున్న రోజు మా కూడికలో ఒక ముసలమ్మ, నా బతుకులో కూడా రాసుకోదగ్గ నెలలు తక్కువేనమ్మా అంది. ఆ మాట నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది.

లోపల కూడా అంతా తేదీల వరుసలో లేదని గుర్తుపెట్టుకోండి. సంఖ్యాకాండం 1 రెండో నెలలో మొదలైతే 9వ అధ్యాయం మళ్ళీ వెనక్కి, మొదటి నెలకి వెళుతుంది. న్యాయాధిపతులు చివర్లో ఉన్న ఆ ఘోరమైన గిబియా సంగతి, 19 నుంచి 21 అధ్యాయాలు, నిజానికి ఆ కాలం మొదట్లో జరిగింది. 20:28లో అహరోను మనవడు ఫీనెహాసు ఇంకా సేవ చేస్తున్నాడని ఉంది చూడండి. రాసినవాళ్ళు కావాలనే దాన్ని చివర పెట్టారు. కాబట్టి కాలక్రమంలో చదవడమంటే బైబిల్‌ని సరిదిద్దుతున్నామని ఎవరైనా అంటే నమ్మకండి. పెట్టిన చోట పెట్టడంలో వాళ్ళకో ఉద్దేశం ఉంది, మనం ఒకసారి వేరే వరుసలో నడిచి చూస్తున్నాం, అంతే.

నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు ప్రాణం దావీదు దగ్గర ఉంది. 150 కీర్తనల్లో 13 కీర్తనలకి పైన చిన్న అక్షరాలతో దావీదు బతుకులో ఏ సందర్భమో రాసి ఉంటుంది. మనం సాధారణంగా ఆ పంక్తిని దాటేసి చదువుతాం. సౌలు మనుషులు ఇంటిచుట్టూ కాపలా కాసినప్పుడు 59, అది 1 సమూయేలు 19 పక్కన చదవాలి. దోయేగు వెళ్ళి చాడీ చెప్పినప్పుడు 52, అది 22వ అధ్యాయం పక్కన. జీఫీయులు పట్టిచ్చినప్పుడు 54, అది 23వ అధ్యాయం పక్కన. నాతాను వచ్చి నువ్వే ఆ మనిషివని చెప్పాక 51, అది 2 సమూయేలు 12 పక్కన. మిగతా కీర్తనల్లో చాలావాటికి సందర్భం రాసి లేదు, కాలక్రమం ప్లాన్లు, అంటే ఏ రోజు ఏం చదవాలో రాసిన పట్టికలు, వాటిని తోచినచోట సర్దుతాయి. వాటి గురించి పట్టుబట్టొద్దు, రోజుకొకటి చొప్పున ఎక్కడైనా చదువుకోండి. ఈ పదమూడు మాత్రం వాటి చోటే చదవండి.

3వ కీర్తన తీసుకోండి. అబ్షాలోము నుంచి పారిపోయినప్పటిది. 2 సమూయేలు 15లో దావీదు తల కప్పుకుని, చెప్పుల్లేకుండా, ఏడుస్తూ ఒలీవ కొండ ఎక్కాడు. 16లో షిమీ అనేవాడు పక్కనే కొండవారగా నడుస్తూ రాళ్ళు రువ్వుతూ తిట్టాడు. కన్నకొడుకు సింహాసనం మీద కూర్చున్నాడు. అప్పుడు ఈ కీర్తన తెరిస్తే, నేను పండుకొని నిద్రపోయి మేలుకొంటాను, యెహోవా నాకు ఆధారం అంటాడు. అది ఏ రాత్రో కీర్తన చెప్పదు. అయినా ఆ చెప్పుల్లేని కాళ్ళు చూశాక ఆ నిద్ర అన్న మాట వేరేగా వినిపిస్తుంది. నాకు ఈ భాగం మా వారి ఆపరేషన్ ముందు రాత్రి వచ్చింది, నేను ఏరుకున్నది కాదు, ఆ రోజు చదవాల్సిన వంతు అదే. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాసుకున్నది ఉన్నదున్నట్టు పెడుతున్నాను, ధ్యానం ఎలా రాయాలని అడిగారు కదా:

“2 సమూ. 15-17, కీర్తన 3. దావీదు చెబుతున్నాడు, కొడుకు నుంచి పారిపోతూ. చెప్పులు లేవు. రాళ్ళు పడుతున్నాయి. అయినా నిద్రపోయాను అంటున్నాడు, కష్టం పోయింది అనట్లేదు. ప్రభువా, ఈ రాత్రి ఆయనకి నిద్ర పట్టనియ్యి.”

ఇంతే. ఐదారు చిన్న వాక్యాలు. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. నేను అందరికీ చెప్పేది ఒకటే, ముందు ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నది రాయండి. ఆ మూడూ రాశాకే మీ గురించి రాయండి. మనవాళ్ళకి అలవాటు ఎలా ఉందంటే పేజీ తెరవగానే ఇందులో నాకేముంది అని వెతుకుతాం. అప్పుడు రెండు వేల ఆరు వందల ఏళ్ళ కిందట వేరేవాళ్ళకి రాసిన ఉత్తరం మీద మన పేరు రాసేసుకుంటాం, వాళ్ళ కన్నీళ్ళు మనకి కనపడవు.

దీనికి మన తెలుగు సంఘాల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్తాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీసుకుంటాం కదా, వాటిలో యిర్మీయా 29:11 చాలామందికి వస్తుంది. మీ గురించి నేను ఉద్దేశించిన సంగతులు నాకు తెలుసు, అవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, మీకు నిరీక్షణ కలుగుతుంది అన్న వచనం. మా ఇంట్లో ఆ కార్డు ఫ్రిజ్ మీద ఒక ఏడాదంతా ఉంది. కాలక్రమంలో దాని దగ్గరికి వస్తే ఏమవుతుందో చూడండి. క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు యెకొన్యా రాజునీ, రాణితల్లినీ, పనివాళ్ళనీ బబులోనుకి పట్టుకుపోయాడు (2 రాజులు 24). తర్వాత యిర్మీయా 28లో హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్ళలో అందరూ తిరిగొస్తారని చెప్పి, బబులోనుకి లొంగాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరగ్గొట్టాడు. జనానికి ఎంత ఊరటగా ఉండి ఉంటుందో. అదే సంవత్సరం ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. ఇక 29లో యిర్మీయా బబులోనులో ఉన్నవాళ్ళకి ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి, డెబ్భై ఏళ్ళు పడుతుంది అని. మన కార్డు మీద వచనం సరిగ్గా దాని కిందే ఉంది. ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఆ డెబ్భై ఏళ్ళు చూడరు. అది వాళ్ళకీ తెలుసు. అయినా తోట వేయమన్నాడు.

నేను కార్డు తీసేయలేదు. దాని వెనక పెన్‌తో “70 ఏళ్ళు, తోట వేయి” అని రాసుకున్నాను. ఆ వచనం నాకు అంతకు ముందు కంటే బలంగా ఉంది ఇప్పుడు. ఇంకొన్ని వారాలు చదివాక దానియేలు 9లో ఆయన ఇదే యిర్మీయా మాటలు చదువుతూ కనపడతాడు, కుర్రాడిగా బబులోనుకి వెళ్ళి ముసలివాడైపోయాడు, డెబ్భై ఏళ్ళ లెక్క చూసి గోనెపట్ట కట్టుకుని ప్రార్థనకి కూర్చున్నాడు. మామూలు వరుసలో యిర్మీయా 24వ పుస్తకం, దానియేలు 27వది, మధ్యలో విలాపవాక్యాలు, యెహెజ్కేలు. ఈ ఉత్తరానికీ ఆ ముసలాయన చేతిలో గ్రంథానికీ ముడి ఉందని ఎంతోకాలం నాకు తట్టనే లేదు.

యిర్మీయా మాత్రం మీరు ప్లాన్ లేకుండా చదవకండి. మామూలు వరుసలో 21వ అధ్యాయం చివరి రాజు సిద్కియా కాలంది, 25, 36, 45 అంతకు చాలా ముందు యెహోయాకీము నాలుగో ఏటివి, 32 మళ్ళీ సిద్కియా పదో ఏటిది. యెహోయాకీము చలిమంట ముందు కూర్చుని యిర్మీయా గ్రంథపు చుట్టని చాకుతో కోసి కోసి మంటలో వేసిన సంగతి 36లో ఉంది, అది పట్టణం పడిపోవడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. ప్లాన్ దీన్నంతా 2 రాజులు 23-25తో కలిపి పెడుతుంది. యెహెజ్కేలుది ఇంత కష్టం కాదు, ఆయన స్వయంగా తేదీలు వేసుకున్నాడు. 24వ అధ్యాయం, 2 రాజులు 25:1 ఒకే రోజు చదవండి. తొమ్మిదో ఏడు, పదో నెల, పదో రోజు. యెరూషలేము చుట్టూ ముట్టడి మొదలైన రోజునే ఎక్కడో దూరాన బబులోనులో ఉన్న ప్రవక్తకి ఈ తేదీ రాసిపెట్టుకో అని మాట వచ్చింది. అదే అధ్యాయంలో ఆయన భార్య చనిపోయింది, ఏడవొద్దన్నాడు దేవుడు. ఆ రోజు ధ్యానం రాయలేకపోతే రాయకండి. ప్రతిరోజూ పాఠం లాగాలని చూడొద్దు. న్యాయాధిపతులు 19 చదివిన రోజు నా నోట్‌బుక్‌లో ఏడుసార్లూ “ఈ రోజు ఏమీ రాయలేను” అనే ఉంది.

రాజులూ దినవృత్తాంతాలూ గురించి ఒక జాగ్రత్త. ప్లాన్ ఈ రెంటినీ పక్కపక్కన పెడుతుంది కాబట్టి ఒకే సంగతి రెండోసారి వచ్చిందని రెండోది పైపైన చదివేస్తాం. అలా చేయకండి, తేడా ఎక్కడుందో వెతకండి. 1 దినవృత్తాంతాలు 20లో దావీదు యెరూషలేములో ఉండిపోయాడని ఉంటుంది, 2 సమూయేలు 11 కూడా అలాగే మొదలవుతుంది, కానీ బత్షెబ సంగతి దినవృత్తాంతాల్లో లేనే లేదు, నేరుగా రబ్బా పట్టుకున్న దగ్గరికి వెళ్ళిపోతుంది. మనష్షే 55 ఏళ్ళు ఏలాడు, 2 రాజులు 21లో చెడ్డ తప్ప ఇంకేం లేదు, 2 దినవృత్తాంతాలు 33లో మాత్రం గొలుసులతో బబులోనుకి ఈడ్చుకుపోతే అక్కడ బతిమాలుకున్నాడు, దేవుడు విన్నాడు, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు. రాజులు రాసినవారు, మన బతుకు ఇలా ఎందుకైంది అని అడిగేవాళ్ళకి రాశారు. దినవృత్తాంతాలు రాసినవారు, చెర నుంచి తిరిగొచ్చి, ఇంకా మాకు చోటు ఉందా అని అడిగేవాళ్ళకి రాశారు. ఇద్దరి మాటా విడివిడిగా వినాలి. రెండూ కలిపి ఒకే కథగా గిలకొట్టిన పుస్తకాలు దొరుకుతాయి, మొదటిసారికి అవి వద్దు.

అదే కారణంతో సువార్తల దగ్గర నేను కాలక్రమం ప్లాన్ పక్కన పెట్టేస్తాను. క్రీ.శ. 170 ప్రాంతంలోనే తతియాను అనే ఆయన నాలుగు సువార్తల్నీ కలిపి ఒకటే కథగా కూర్చాడు, కాబట్టి ఈ కోరిక కొత్తదేం కాదు. కానీ రోజూ మత్తయి సగం, లూకా పావు, యోహాను నాలుగు వచనాలు అని గెంతుతుంటే ఏ ఒక్కరి గొంతూ చెవిలో నిలవదు. పైగా యోహాను మందిరం శుద్ధి చేసిన సంగతి 2వ అధ్యాయంలోనే చెబుతాడు, మిగతా ముగ్గురూ చివరి వారంలో చెబుతారు. ఒకసారా రెండుసార్లా అని పెద్దవాళ్ళే తేల్చుకోలేదు. నాలుగూ వేటికవి పూర్తిగా చదవండి, చివరి వారం, అంటే మట్టల ఆదివారం నుంచి పునరుత్థానం వరకు మాత్రం ఇంకోసారి నాలుగూ పక్కపక్కన పెట్టుకోండి. ఆ వారం అలా చదవాల్సిందే.

అపొస్తలుల కార్యాల దగ్గర మళ్ళీ కాలక్రమం ఎంతో మేలు చేస్తుంది. 17వ అధ్యాయంలో పౌలు థెస్సలొనీకలో మూడు విశ్రాంతి దినాలు బోధిస్తాడు, గొడవై రాత్రికి రాత్రే పంపేస్తారు. కొత్తగా నమ్మినవాళ్ళు ఏమయ్యారో తెలీదు. 18:5లో సీల, తిమోతి మాసిదోనియ నుంచి కొరింథుకి వచ్చారని ఒక్క ముక్క ఉంది. అక్కడ ఆగి 1 థెస్సలొనీకయులు తీయండి. ఉండబట్టలేక తిమోతిని పంపాను, ఇప్పుడే వచ్చి మీ విశ్వాసం సంగతి చెప్పాడు, ఇప్పుడు మేం బతికాం అని 3వ అధ్యాయంలో రాస్తాడు. హాస్టల్లో దిగబెట్టి వచ్చిన పిల్లల నుంచి ఫోన్ వచ్చినప్పుడు అమ్మ మాట్లాడినట్టు ఉంటుంది. దీనికి తేదీ కూడా గట్టిదే, 18:12లో ఉన్న గల్లియోను పేరు గ్రీసులో డెల్ఫీ దగ్గర దొరికిన శాసనంలో ఉంది, దాన్ని బట్టి ఆయన అకయలో అధికారిగా ఉన్నది క్రీ.శ. 51-52 ప్రాంతం. 1 కొరింథీయులు పత్రికని కార్యాలు 19వ అధ్యాయం దగ్గర, 2 కొరింథీయులు, రోమా పత్రిక 20 మొదట్లో, ఎఫెసీ, ఫిలిప్పీ, కొలొస్సీ, ఫిలేమోను 28 తర్వాత చదవండి. గలతీ ఎక్కడన్నది వాదన ఉంది, నేను 15వ అధ్యాయం ముందు చదువుతాను.

యోబు గురించి అడిగారు. చాలా ప్లాన్లు ఆదికాండం 11 తర్వాత పెడతాయి, ఎందుకంటే ఇంటి పెద్దే బలులు అర్పించడం, ఆస్తిని పశువుల్లో లెక్కపెట్టడం, 42వ అధ్యాయంలో తర్వాత 140 ఏళ్ళు బతికాడనడం అబ్రాహాము కాలంలా ఉంటాయి. పుస్తకం మాత్రం తేదీ చెప్పదు. నా సలహా, ఆదికాండం పూర్తిచేసి యోసేపు చనిపోయాక చదవండి. రెండో వారంలోనే 42 అధ్యాయాల వాదన ఎదురైతే కొత్తవాళ్ళు జారిపోతున్నారు, మా మొదటి బ్యాచ్‌లో సగం మంది అక్కడే ఆగారు.

మలాకీకీ మత్తయికీ మధ్య మన బైబిల్‌లో ఒక్క పేజీ తిప్పితే దాదాపు 400 ఏళ్ళు. మీరు కథోలిక సంఘంవారైతే మీ బైబిల్‌లో 73 పుస్తకాలు ఉంటాయి, మక్కబీయుల గ్రంథాలు ఇక్కడే చదువుకోవచ్చు. ఆ గ్రంథాల్లో చెప్పినట్టు యూదులు మందిరాన్ని మళ్ళీ ప్రతిష్ఠించింది క్రీ.పూ. 164లో, యోహాను 10:22లో యేసు ప్రభువు శీతాకాలంలో మందిరంలో తిరిగిన ఆ ప్రతిష్ఠిత పండుగ దానిదే.

ఇక మీ ఇంటి లెక్క. 66 పుస్తకాల్లో 1189 అధ్యాయాలు, పాతనిబంధన 929, కొత్తది 260. ఏడాదిలో అంటే రోజుకి మూడు దాటుతాయి, ఆదివారం వదిలేస్తే నాలుగు. మీరున్న పరిస్థితిలో అది వద్దు. రోజుకి రెండు అధ్యాయాలు, వారానికి ఆరు రోజులు పెట్టుకోండి, 99 వారాలు పడుతుంది, అంటే రెండేళ్ళకి ఒక నెల తక్కువ. ఏడో రోజు కొత్తది చదవకండి, మిగిలిపోయినవి ఉంటే చదవండి, లేకపోతే వారం నోట్స్ తిరగేయండి. ప్లాన్ కాగితం మీద తేదీలు ఉంటే కొట్టేసి 1, 2, 3 అని రోజుల నంబర్లు వేసుకోండి. ఆపించేది లేవీయకాండం ఒక్కటే కాదు, బాకీ కూడా. పిల్లకి జ్వరమొచ్చి ఐదు రోజులు పోతే పది అధ్యాయాలు బాకీ, ఆ బాకీ చూసి ఆరో రోజు కూడా తెరవబుద్ధి కాదు. నంబర్లకి బాకీ ఉండదు, ఆగిన నంబర్ దగ్గర మళ్ళీ మొదలు. ఫోన్ యాప్‌లో వరుసగా ఎన్ని రోజులు చదివారో చూపించే అంకె ఉంటే అది కనపడకుండా చేసుకోండి.

1 దినవృత్తాంతాలు మొదటి తొమ్మిది అధ్యాయాల వంశావళులు, యెహోషువ 13 నుంచి 21 వరకు సరిహద్దులు, సంఖ్యాకాండం 7 లాంటివి తెలుగు ఆడియోలో వినండి, వంట చేస్తూ వినొచ్చు, తప్పేం లేదు. ఈ మాటలు మొదట రాసిన కాలంలో ఎక్కువమంది విన్నవాళ్ళే. కీర్తన మాత్రం పిల్లలు నిద్రపోయే ముందు బయటికి చదవండి, వాళ్ళకి అర్థం కాకపోయినా మీ గొంతు గుర్తుంటుంది. ఉదయం ఏడింటి బస్సు ముందు చదవాలని పట్టుబట్టొద్దు. బస్సు వెళ్ళిపోయాక పొయ్యి కట్టేసి, పది గంటలకి కూర్చున్నా దేవుడు వింటాడు.

తేదీల గురించి చివరిగా. ఒక పుస్తకంలో సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలింది క్రీ.పూ. 931 అని, ఇంకోదాంట్లో 922 అని చూసి కలవరపడకండి. అష్షూరువాళ్ళు ఏటికో అధికారి పేరు రాసుకున్న పట్టీలు ఉన్నాయి, వాటిలో ఒక సూర్యగ్రహణం నమోదై ఉంది, అది క్రీ.పూ. 763 జూన్ 15 అని లెక్క తేలింది. ఆ మేకు దిగాక రాజుల కాలం మొత్తం దానికి తగిలించగలిగారు. ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడింది 722, అష్షూరు రాజు సన్హెరీబు యూదా రాజు హిజ్కియా మీదికి వచ్చింది 701, యెరూషలేము కాలిపోయింది 586 (కొందరు 587 అంటారు), పారసీక రాజు కోరెషు యూదుల్ని తిరిగి వెళ్ళమని సెలవిచ్చింది 538. సొలొమోను కంటే వెనక్కి వెళితే అభిప్రాయాలు విడిపోతాయి, నిర్గమం ఒక్కదానికే రెండు వందల ఏళ్ళ తేడాతో రెండు లెక్కలు ఉన్నాయి.

అందుకే మీ నోట్‌బుక్ మొదటి రెండు పేజీలు ఖాళీగా వదిలి మూడో పేజీ నుంచి రాయడం మొదలుపెట్టండి. ఆ ఖాళీ పేజీల్లో అడ్డంగా ఒక గీత గీసుకోండి, చదువుతున్నకొద్దీ దాని మీద పేర్లు వేసుకుంటూ పోవాలి. సొలొమోను వరకు పెన్సిల్‌తో, అక్కడి నుంచి పెన్‌తో. రాజ్యం చీలినచోట గీతని రెండు చేయండి, పైన ఇశ్రాయేలు రాజులు 19 మంది, కింద యూదాలో అతల్యాతో కలిపి 20 మంది, ఏ ప్రవక్త వస్తే ఆయన పేరు ఏ రాజు కాలంలో ఉంటే అక్కడ. జనవరి దాకా ఆగనక్కర్లేదు. రేపు రోజు 1, ఆదికాండం 1, 2.